వస్తువులయెడల మన ధర్మము

ధనము నార్జించుట యెట్లో నేర్పుటకు మన విద్యాలయములు పెక్కు వత్సరములు వెచ్చించుచున్నవి. ఆర్జించిన ధనమును దాచుటకు బ్యాంకులు కలవు. కాని ఆ ధనముతో వస్తువును కొనుటయందును, కొన్నదానిని వాడుటయందును, వాడినదానిని విడుచుటయందును ధర్మాధర్మ విచారణ కలదని నేటి బాలునకు చెప్పువారు అరుదు. దినమునకు పదిమార్లు చేయు పనినిగూర్చి ఒక్కమారైనను ఆలోచింపకుండుట వివేకవంతునకు తగదు. కొనుట, పారవేయుట అను నీ రెండును కేవలము గృహస్థుని సొంత వ్యవహారములా? లేక ధర్మవిచారణకు లోబడు కర్మలా? కర్మలే యైనచో యువజనులకు వీనిని గూర్చి ఏమి నేర్పవలెను, ఎట్లు నేర్పవలెను? ఇదియే మనము విచారింపవలసిన ప్రశ్న.

ఈ విచారణకు వంగదేశమందలి ఖరగ్‌పూరు పట్టణము మిక్కిలి యనువైన స్థలము. 19వ శతాబ్దపు చివరి సంవత్సరములలో బెంగాల్ నాగపూర్ రైల్వే కంపెనీ ఎఱ్ఱని కంకరనేలపై ఈ రైలుపట్టణమును నెలకొల్పెను. అప్పటినుండి శ్రీకాకుళము, విశాఖపట్టణము మొదలగు ఉత్తరతీరపు సీమలనుండి పెక్కు తెలుగు కుటుంబములు పనికొరకు ఇచ్చటికి వచ్చి స్థిరపడినవి. 1955లో ఆగ్నేయ రైల్వే యేర్పడిన పిదపను ఈ రాకపోకలు సాగినవి. మథురాకాటిలోను, నింపురాలోను, గోల్‌బజారు వీథులలోను నేటికిని తెలుగు మాట వినవచ్చుచునే యున్నది.

ఈ పట్టణమునకు అన్నము పెట్టుచున్నది రైల్వే వర్క్‌షాపు. అందు జరుగు ముఖ్యమైన పని క్రొత్తవానిని ఉత్పత్తి చేయుట కాదు, పాతవానిని బాగుచేయుట. నియమిత కాలమున కొకమారు బోగీలును, వ్యాగన్లును ఇచ్చటికి వచ్చును. వానిని విడదీసి, చక్రములను, ఇరుసులను, బ్రేకులను పరీక్షించి, అరిగినదానిని మార్చి, తుప్పుపట్టిన భాగమును కోసి క్రొత్త రేకు అతికి, రంగువేసి మరల పట్టాలపైకి పంపుదురు. ఇక బాగుపడదని తేలిన ఇనుము సైతము తూకము వేయబడి, వేలమున అమ్మబడి, కరగి, మఱియొక రూపమున లోకములోనికి తిరిగివచ్చును. అనగా ఒక వస్తువు ఒకమారు పుట్టిన పిదప దాని శక్తి యంతయు వినియోగమగువఱకు దానిని విడువరాదను సూత్రముపై ఈ పట్టణము శతాబ్దమునకు మించి జీవించుచున్నది.

అట్టి కార్మికుని యింట పెరుగుచున్న బాలుని చూడుడు. తండ్రి ముప్పది సంవత్సరములనాటి బోగీని బాగుచేసి యింటికి వచ్చును. కుమారుడు మూడునెలలనాటి చెప్పులజోడును, పట్టీ యొకటి తెగినదని, చెత్తకుప్పలో వేయును. తండ్రి చేతిలోని విద్య కుమారుని బుద్ధిలోనికి రాలేదు. ఏల రాలేదు? ఆ విద్యను తండ్రియే జీతమునకు సంబంధించినదానిగా భావించెను గాని, జీవితమునకు సంబంధించినదానిగా భావింపలేదు. వర్క్‌షాపు ద్వారము దాటగానే ఆ సూత్రమును అచ్చటనే విడిచి వచ్చెను.

మన పూర్వులిట్లు చేయలేదని కొందరందురు. నిజమే. చినిగిన చీరలను పొరలు పొరలుగా పేర్చి కుట్టి తెలుగింటి అవ్వ బొంత చేసెడిది. ప్రక్కయింటి వంగస్త్రీ ఆ పనినే చేసి దానిని కాంథా అనెడిది. శ్రీకాకుళ, విశాఖ మన్యములలో అడ్డాకుల విస్తరిలో భుజించినవారు ఇచ్చటికి వచ్చి, ఝార్‌గ్రామ్ ప్రాంతపు అడవులనుండి వచ్చు సాలపత్రముల విస్తరిలో భుజించిరి. భోజనమైన పిదప ఆ విస్తరి పశువున కాహారమో, మట్టిలో ఎరువో అయ్యెడిది. సంతకు పోవువాడు సంచిని, నూనెకు పోవువాడు సీసాను ఇంటినుండియే తీసికొనిపోయెడివాడు. స్టేషనులో తేనీరు మట్టిపిడతలో లభించెడిది. వంగదేశీయులు దానిని భాడ్ అందురు.

అయితే ఇచ్చట నిజాయితీతో ఒక మాట చెప్పుకొనవలెను. పూర్వుల పొదుపులో అధికభాగము లేమివలన కలిగినది. రెండవ చీర లేని యిల్లాలు మొదటి చీరను కాపాడుకొనెను. ఇందు ఆమె సద్గుణమెంత, నిర్బంధమెంత యని ఎవరు చెప్పగలరు? జీతములు పెరిగి, బజారు వస్తువులతో నిండగానే, ఆ పొదుపు ఒక్క తరములో అంతరించినది. లేమిపై నిలచిన గుణము కలిమి రాగానే కూలిపోవుట సహజము. కావున బాలురతో మా కాలమున ఇట్లుండెనని చెప్పుట వలన ప్రయోజనము స్వల్పము. వారికి ఆ లేమి లేదు, ఉండవలెనని మనము కోరుటయు లేదు. లేమి నేర్పినదానిని ఇప్పుడు వివేకము నేర్పవలెను. కొనగలిగియు కొనకుండుట, పారవేయగలిగియు పారవేయకుండుట, ఇదియే నిజమైన సంయమము. యోగశాస్త్రము యమములలో నొకటిగా చెప్పిన అపరిగ్రహమున కర్థమిదియే. ఏమియు లేనివాని దారిద్ర్యమును అపరిగ్రహమనరు.

వివేకమనగా ఉన్నదానిని ఉన్నట్లు చూచుట. "పారవేసితిని" అని మనమందుము. ఎచ్చటికి? ఈ ప్రశ్నను బాలుడు వేసికొన్ననాడు అతని విద్య ప్రారంభమైనట్లే. 1072.5 మీటర్ల పొడవుగల ఖరగ్‌పూరు ప్లాట్‌ఫారము 2013లో గోరఖ్‌పూరు ప్లాట్‌ఫారము నిర్మింపబడువఱకు ప్రపంచమున అతి దీర్ఘమైనదిగా ప్రసిద్ధి కెక్కియుండెను. బండి కిటికీనుండి కప్పును జారవిడిచిన ప్రయాణికునకు అది మాయమైనట్లే. బండి కదలినది, కప్పు వెనుకబడినది. కాని దానిని ఏరుటకు ఒక స్త్రీయో పురుషుడో వంగవలెను. ఏరనిచో వాన దానిని కాలువలోనికి, కాలువ కసాయి నదిలోనికి, నది సముద్రములోనికి చేర్చును. మన దృష్టినుండి తొలగుటయే గాని లోకమునుండి తొలగుట యనునది లేదు. సత్పదార్థమునకు నాశము లేదని వేదాంతము చెప్పు సత్యమును, దాని పరమార్థమును విడిచి చూచినను, చెత్తకుప్ప ప్రతిదినము మనకు బోధించుచున్నది.

పాలిథీన్ అను పదార్థము 1933లో ఇంగ్లండులోని ఒక రసాయనశాలలో యాదృచ్ఛికముగ కనుగొనబడినది. నేడు బజారులో మనకు లభించు, పిడులుగల పలుచని సంచి రూపమునకు 1965లో స్వీడన్ దేశపు కంపెనీ యొకటి హక్కుపత్రము పొందెను. అనగా ఈ సంచి వయస్సు ఒక మనుష్యుని వయస్సునకు మించలేదు. ఇంతలోనే ఏమి జరిగినది? 1950 మొదలు 2015 వఱకు ప్రపంచమున ఉత్పత్తియైన ప్లాస్టిక్ సుమారు 830 కోట్ల టన్నులని 2017లో శాస్త్రజ్ఞులు లెక్కకట్టిరి. వ్యర్థమైన ప్లాస్టిక్‌లో నూటికి తొమ్మిది పాళ్లు మాత్రమే మరల ఉపయోగమునకు మలచబడినది. పండ్రెండు పాళ్లు కాల్చబడినది. తక్కిన డెబ్బది తొమ్మిది పాళ్లు నేలలోనో నీటిలోనో నిలచియున్నది. పది నిముషముల వాడుకకై అనేక తరములు నిలచు పదార్థమును చేయుట బుద్ధిలోపమా, ధర్మలోపమా? తెలియనంతవఱకు బుద్ధిలోపము. తెలిసిన పిదప ధర్మలోపము.

ఇచ్చట ఒక విద్యార్థి లేచి యిట్లడిగెననుకొందము: "నా ధనముతో నేను కొనుచున్నాను. దొంగిలింపలేదు, ఎవరిని కొట్టలేదు. ఇందు అధర్మమెక్కడ?" ఈ ప్రశ్నను త్రోసివేయరాదు. ఇది మన కాలపు మతముయొక్క మూలసూత్రము. ధర చెల్లించినవాడు సర్వాధికారి యని దాని భావము. కాని ధర యనగా నేమి? దుకాణదారునకు, వర్తకునకు, ఫ్యాక్టరీకి ఇచ్చిన మూల్యము. నేల కేమిచ్చితిమి? నీటి కేమిచ్చితిమి? కుప్పను ఏరువాని కేమిచ్చితిమి? మన మనుమనికి మిగులవలసిన దానిని తీసికొన్నందుకు వానికేమిచ్చితిమి? ఈ పద్దులు దుకాణపు చీటీలో కనబడవు. అప్పు వ్రాయబడనంతమాత్రమున అప్పు లేదనుట న్యాయము కాదు. ఈ జగత్తంతయు ఈశ్వరునిచే ఆవరింపబడినది గనుక త్యాగబుద్ధితో అనుభవింపుమని ఈశోపనిషత్తు ప్రథమ మంత్రముననే బోధించుచున్నది. లోకమునుండి పొంది, లోకమునకు తిరిగి యీయక అనుభవించువాడు చోరుడేయని గీత తృతీయాధ్యాయము నిర్ణయించినది. విద్యార్థి తాను దొంగిలింపలేదనుట చట్టదృష్టిచే సత్యమే. గీతాదృష్టిచే ఆ మాట ఇంకను విచారింపవలసియున్నది.

ఈ విచారమునకు ఆచరణరూపమును వెదకుటకు దూరము పోనక్కరలేదు. ఖరగ్‌పూరునకు ఉత్తరముననున్న బాంకురా జిల్లాలో, జయరాంబాటి గ్రామమున, శారదాదేవి (1853–1920) గడపిన గృహజీవితము లోకవిదితము. ఊడ్చిన పిదప చీపురును ప్రక్కకు విసరివేసిన వారిని ఆమె మందలించి, అల్పవస్తువునకును దాని మర్యాద దానికి చూపవలెనని చెప్పెను. పండ్లు వచ్చిన బుట్టను పారవేసినప్పుడు దానిని తెప్పించి, కడిగించి దాచెను. మనుష్యునకు తగినది పశువునకు, పశువునకు తగినది కుక్కకు వేయరాదనియు, ఎవరికిని పనికిరానిదానిని చెరువులో చేపలకు వేయవలెను గాని వ్యర్థము చేయరాదనియు ఆమె మతము. ఇది పిసినారితనము కాదు. ఆమె యింట అతిథి ఆకలితో పోయినది లేదు. పిసినారి తనకొరకు దాచును. ఆమె ప్రతివస్తువును దానికి తగిన స్థానమునకు చేర్చెను.

నేడు ఈ బోధ ఎట్లు తలక్రిందులైనదో చూడుడు. కూరగాయల తొక్కలను ప్లాస్టిక్ సంచిలో ముడివేసి వీథిలో విసరుదుము. ఆవు వచ్చి తొక్కలతోకూడ సంచిని మ్రింగును. అది కడుపులో పేరుకొని తుదకు దాని ప్రాణమునకు ముప్పు తెచ్చును. గోగ్రాసము పెట్టు చేయియే గోహత్యకు హేతువగుచున్నది. ఆ తొక్కలు అవే, ఆ ఆవు అదే. మధ్య వచ్చినది ఒక ముడి మాత్రమే. తడి చెత్తను, పొడి చెత్తను, ప్రమాదకరమైన దానిని వేర్వేరుగ నుంచవలెనని 2016లో కేంద్ర ప్రభుత్వము నియమావళిలో నిర్దేశించినది. ఇంటి పెద్ద ఆ ముడిని విప్పుటయే ఈ నియమమునకు మొదటి ఆచరణము.

ఇక బజారులో యువకునకు ఉపయోగించు వివేకమెట్టిది? మూడు ప్రశ్నలు చాలును. మొదటిది: ఇది నాకు కావలెనా, లేక చూచుటవలన కావలెననిపించుచున్నదా? రెండవది: ఇది చెడినచో బాగుచేయు వీలున్నదా? మూడవది: ఇది నన్ను విడిచిననాడు ఎచ్చటికి పోవును? ఈ క్రమము ముఖ్యమైనది. నేడు చాలమంది మూడవ ప్రశ్నతో ప్రారంభించి, మరల మలచుటకు వీలగు వస్తువైనచో ఎంతయైన కొనవచ్చునని తృప్తిపడుచున్నారు. కొననిదానికి చెత్తబుట్ట అవసరము లేదు.

మంచి వస్తువు పేరిటను భ్రమ కలుగవచ్చును. కాగితపు కప్పు నిర్దోషమని తలంతుము. దాని లోపలి వైపున నీరు ఇంకకుండుటకు పలుచని ప్లాస్టిక్ పొర యుండును. మట్టిపిడతయు సంపూర్ణముగ నిర్దోషము కాదు. దానికి మంచి మట్టి కావలెను, కాల్చుటకు వంటచెఱకు కావలెను, కాలిన మట్టి త్వరలో నేలలో కలియదు. 2004లో రైల్వేమంత్రి లాలూప్రసాద్ యాదవ్ స్టేషన్లలో మట్టిపిడతలను ప్రవేశపెట్టగా కుమ్మరులకు జీవనోపాధి కలుగునను సంతోషము కలిగెను. అయినను ఆ ప్రయత్నము అంతట నిలువలేదు. ఇంటినుండి తెచ్చుకొన్న స్టీలు గ్లాసు వీనన్నిటికంటె ఉత్తమము. అట్లే నూలుసంచి. దానిని కనీసము 131 మార్లు వాడిననే గాని, ఒక్కమారు వాడి పారవేయు పలుచని సంచికంటె అది భూతాపమునకు తక్కువ హేతువు కాదని 2011లో ఇంగ్లండు పర్యావరణ సంస్థ నివేదిక తెలిపినది. వారమునకు రెండుమార్లు గోల్‌బజారునకు తీసికొనిపోయినచో ఈ సంఖ్య పదునైదు నెలలలో పూర్తియగును. కావున సభకొకటి, ఉత్సవమున కొకటి పంచబడు క్రొత్త నూలుసంచులను పదింటిని బీరువాలో దాచుకొన్నవాడు ప్రకృతికి మేలు చేసినవాడు కాడు. అమ్మ పాతచీరతో కుట్టిన ఒక్క సంచిని చినుగువఱకు మోసినవాడు మేలు చేసినవాడు.

రెండవ ఆక్షేపణ మఱింత బలమైనది. "ఫ్యాక్టరీలు టన్నులకొలది ఉత్పత్తి చేయుచుండగా నా యొక్క సంచి వలన నేమగును?" చట్టము తన పని చేయకపోలేదు. 2019 అక్టోబరు 2 నుండి రైల్వే ఆవరణములలో ఒక్కసారి వాడు ప్లాస్టిక్‌ను విడువవలెనని రైల్వేశాఖ ఆదేశించెను. 2022 జూలై 1 నుండి ప్లాస్టిక్ కప్పులు, పళ్లెములు, చెంచాలు, అలంకారమునకు వాడు థర్మోకోల్ మొదలగువానిని దేశమంతట నిషేధించిరి. అయినను కోరువాడున్నంతకాలము అమ్మువాడుండును. చట్టము దుకాణపు ముందు ద్వారమును మూయగలదు. వెనుకద్వారము మన చేతులలో నున్నది. ఫ్యాక్టరీ యజమానుల బాధ్యతయు తక్కువ కాదు, అదియు యువకునకు చెప్పవలెను. అతడు పౌరుడుగ ప్రశ్నింపవలెను, గృహస్థుగ ఆచరింపవలెను. తాను ఆచరింపనివాని ప్రశ్నకు బలముండదు.

ఇచ్చటనే ఒక హెచ్చరిక. దినకూలి చేసికొనువాడు పెద్దసీసా కొనలేక రెండురూపాయల షాంపూ ప్యాకెట్టు కొనును. ఆ ప్యాకెట్టు పలుపొరలతో చేయబడుటచే పాతసామానుల వర్తకుడును దానిని తీసికొనడు. ఈ చెత్త ఆ పేదవాని పాపమని నిందించుట ధర్మము కాదు. ఎన్నుకొను శక్తి ఎవనికి అధికముగ నున్నదో అతనికే బాధ్యతయు అధికము. నెలజీతము తెచ్చుకొను కుటుంబము, కళాశాలలో చదువు విద్యార్థి, 1951లో హిజ్లీలో స్థాపింపబడిన ఐ.ఐ.టి. వంటి మహావిద్యాలయములలో శాస్త్రము నభ్యసించు యువకుడు మొదట తమ్ము తాము ప్రశ్నించుకొనవలెను.

ఇట్టి విద్యను నేర్పు విధానమునందు మనము పొరపడుచున్న సందర్భములు లేకపోలేదు. పరిసరముల రక్షణకై పోటీ పెట్టి, ప్రతి బాలుని చేతను క్రొత్త చార్టు కాగితము, మెరుగు కాగితము, రంగులు కొనిపించి, మరునాడు వానినన్నిటిని కుప్పలో వేయుదుము. బాలుడు రెండు పాఠములు నేర్చును: వ్రాయవలసిన దొకటి, చేయవలసినది వేఱొకటి. ఇంతకంటె హానికరమైన విద్య లేదు. భయపెట్టుటయు మంచిది కాదు. లోకము నశించుచున్నదని దినదినము విన్న బాలుడు నిరాశచెందును, లేక చెవులు మూసికొనును. ఇంకొక దోషమేమనగా, నేర్చినవాడు ఇంటికి వచ్చి తల్లిని, అవ్వను తప్పుపట్టుట. సంయమము ఇతరులను కొలుచుటకు కొలబద్ద కాదు. తన్ను తాను సరిచేసికొనుటకు పనిముట్టు.

నేర్పు మార్గము సులభము, కాని పెద్దల సహకారము కోరును. ఒక వారము ఇంటి పొడిచెత్తను పారవేయక ఒక బస్తాలో నుంచి, ఆదివారమున బాలునిచే తూకము వేయింపుడు. దానిలో ఏది తప్పింపదగినదో అతనినే చెప్పనిండు. మరుసటి వారము తూకము తగ్గినచో అతని ఆనందమే అతనికి గురువు. తండ్రి సెలవునాడు తెగిన చెప్పుపట్టీని, విరిగిన కుర్చీకాలిని కుమారుని ప్రక్కన కూర్చుండబెట్టుకొని బాగుచేయవలెను. వర్క్‌షాపు విద్య గడప దాటి ఇంటిలోనికి వచ్చుటకు ఇదియే మార్గము. అవ్వ మనుమరాలికి బొంత కుట్టుట నేర్పవలెను. వినాయకచవితికి మట్టి ప్రతిమను, దుర్గాపూజకు గుడ్డయు వెదురుతోడి అలంకారమును, పెండ్లికి ఆకు విస్తరిని ఎన్నుకొనుటలో యువకుల మాటకు విలువ నీయవలెను. చెత్త తీయు కార్మికుని పేరు బాలుడు తెలిసికొనవలెను. ఒక మనుష్యుని ముఖము తలపునకు వచ్చినప్పుడు పగిలిన గాజుముక్కను కాగితములో చుట్టకుండ ఎవడును పారవేయడు. పరిసరములను గూర్చిన ఉపన్యాసముకంటె ఈ ఒక్క తలపు మేలు.

తుదకు విచారింపగా, ఇది వస్తువులను గూర్చిన ప్రశ్నగా మొదలై మనస్సును గూర్చిన ప్రశ్నగా పరిణమించుచున్నది. వస్తువును సులభముగ పారవేయ నభ్యసించిన మనస్సు ఆ అభ్యాసమును వస్తువులతోనే ఆపదు. ప్రయోజనము తీరిన స్నేహితుని, పని చేయలేని వృద్ధుని సైతము అదే దృష్టితో చూచుటకు అలవడును. బాగుచేయుటయందు ఓర్పు నేర్చిన చేతులు బంధుత్వములను బాగుచేయుటకును ఓర్చును. కావున యువకునకు మనము నేర్పుచున్నది కేవలము సంచి మోయుట కాదు. తనకు చేరిన ప్రతిదానికి తాను కొంతకాలము మాత్రమే కాపరియనియు, దానిని పొందిననాటికంటె హీనమైన గతికి పంపరాదనియు నేర్పుచున్నాము. ఈ నేర్పు కలిగినవానికి ధనము వచ్చినను భయము లేదు, లేకున్నను కొఱత లేదు.